ఫుసానో తిరిగిచ్చిన తాళంచెవి

మా వీధి స్నానశాల ఏ సత్రానిదీ కాదు. గంధకం వాసన వదలని ఈ తోహోకు సీమ కొండ ఊరిలో, పై ఊటనుంచి దిగివచ్చే వేడినీటిని వీధివాళ్లే కాపాడుకుంటారు. వంతు ప్రకారం వేకువనే తొట్టె ఖాళీ చేసి పాచి తోమినవారికే తాళంచెవి. వంతు తప్పినవారు దానిని వీధి పెద్దనైన నాకు తిరిగి ఇచ్చేయాలి.

ఫుసానో పెద్ద సత్రంలో అతిథులకు భోజనాలు మోస్తూ ముసలిదయింది. సత్రం మూతపడ్డాక ఆమెకు మిగిలింది వీధి చివర అద్దె గది. అందులో స్నానానికి చోటు లేదు. మోకాళ్ల నొప్పి తగ్గేదీ, మరో మనిషితో మాట కలిసేదీ ఆ తొట్టెలోనే.

ఆమెను మంచిదనేవారున్నారు, కఠినురాలనేవారూ ఉన్నారు. రెండింటికీ ఆధారాలున్నాయి. వడ్రంగి తోకుజో నడుము పడిపోయినప్పుడు అతనికి అన్నం మోసింది ఆమే. వంతు తప్పాడని అతని తాళంచెవి అడిగి తెచ్చిందీ ఆమే. "ఒకరికి సడలిస్తే రేపు తోమేదెవరు?" అని ఆమె అడిగితే ఆనాడు మేమంతా తలూపాం. ఆ చలికాలం దాటకుండానే తోకుజో పోయాడు. స్నానం లేకపోవడమే కారణమని చెప్పలేం. కాదని కూడా ఆమెతో ఎవరూ అనలేదు.

కిందటి శీతాకాలం తొట్టె తోముతూ ఫుసానో జారిపడింది. తుంటి ఎముక అతికింది గాని, వంగడం పోయింది. మళ్లీ ఆమె వంతు వచ్చేసరికి సారాకొట్టు మియోకో ఆమె గదికి వచ్చి కూర్చుంది. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను.

"అక్కా, రేపు నీ వంతు నేను తోమేస్తాలే. నువ్వు గట్టున కూర్చుని నన్ను తిట్టు. ఆ పని నీకు బాగా వచ్చుగా."

"నీ తోముడు నాకు తెలీదా? మూలలన్నీ వదిలేస్తావు."

"మూలలు చూడ్డానికి ఎవరున్నారక్కా? మిగిలింది మన మూడు కొంపలు."

"తోకుజో ఉన్నాడు."

నవ్వబోయిన మియోకో ఆగిపోయింది. "చచ్చినోడికి నీ తాళంచెవితో ఏం పని?"

"బతికుండగా వాడూ ఇదే అడిగాడే. పై ఊరినుంచి కూతురొచ్చి నా వంతు తోముతుందన్నాడు. కుదరదన్నాను. ఇప్పుడు నాకు మాత్రం నువ్వు తోముతావా?"

"మొండిదానా! చలికి బిగుసుకుపోతావు."

"పోతానులే. ఆ ముల్లంగి ఊరగాయ పట్టుకుపో, లేకపోతే నాతోపాటు అదీ పాడవుతుంది."

మర్నాడు తాళంచెవిని చేతిగుడ్డలో చుట్టి మా గడపలో పెట్టింది. నియమం సడలిద్దామన్నాను.

"సడలించాల్సిన రోజు దాటిపోయింది పెద్దయ్యా," అంది.

ఆమె మాటలో తప్పు వెతికాను. దొరకలేదు.

మిగిలిన ఇద్దరి వంతులతో స్నానశాల వేసవి దాకా నడిచింది. మియోకో కొట్టు ఎత్తేసి సెందాయ్ నగరానికి వెళ్లిపోయాక తలుపుకు మేకులు కొట్టించాను. ఊట మాత్రం ఆగలేదు. తొట్టెలోకి రావలసిన నీరు ఫుసానో కిటికీ కింది కాలువలో పొగలు కక్కుతూ ఏటికి పోతోంది. కిటికీ మూసుకుని ఆమె, పొయ్యిమీద కాచుకున్న కాసిని నీళ్లలో తువ్వాలు ముంచి ఒళ్లు తుడుచుకుంటోంది.