సగం దారిలో ఆవిరైన చుక్క

గాలి బాగా పలచగా ఉన్న గొట్టంలో ఒక నీటిచుక్కను వదిలితే ఎంత దూరం పోతుంది? నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క ప్రశ్నే. ల్యాబులో చుక్క గొట్టం చివరిదాకా పోతోంది. నా కంప్యూటర్లో మాత్రం సగం దారిలోనే ఆవిరైపోతోంది. సోమవారంలోగా రెండూ కలవకపోతే ఆ అధ్యాయం తీసేయమన్నారు మా గైడు. అది తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది అట్టలే.

ఆ గుబులుతోనే మందస దగ్గర మా ఊరొచ్చాను. జీడిపిక్కలు ఏరే రోజులు, ఎండ మండిపోతోంది. వరండాలో ల్యాప్‌టాప్ మీద లెక్క నడుస్తుండగా వదిలేసి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దాని కింద తడి గోనెసంచి, బల్ల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. పక్కనే చేతులు తుడుచుకుంటూ అమ్మ.

"ఏటి సేసినావమ్మా? బుర్రుందేటి నీకు?" అని అరిచాను. నా కోపం సంగతి ఊరందరికీ తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు.

"కాలిపోతందే అది. నీళ్ల క్యానుకి సుడతాను కదా, అలాగే సల్లబడతాదని ఏసినాను," అంది. గోనె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ల్యాప్‌టాప్ తుడుస్తుంటే నా చేయి ఆగిపోయింది. గోనెలో నీళ్లు ఆవిరవుతుంటేనే కదా క్యాను చల్లబడేది. మరి నా చుక్క కూడా ఆవిరవుతూ చల్లబడాలి. చల్లబడితే ఆవిరయ్యే వేగం తగ్గాలి. నేనేం చేశాను? మొదటి నుంచి చివరిదాకా దాని వేడి మారదని రాసి కూర్చున్నాను. ఆ క్యాను నీళ్లు తాగి పెరిగినదాన్ని! సిగ్గేసింది.

అది సరిచేసి మళ్లీ నడిపించాను. మూడింటికి చుక్క సగం దాటింది. నాలుగున్నరకు, కాస్త చిక్కినా, గొట్టం చివరికి చేరింది. గుండెల మీది బండ దిగినట్టయి ఏడ్చేశాను.

పెరట్లోకి పరిగెత్తాను. "అమ్మా, నా సుక్క బతికింది! నీవల్లే!"

"సుక్క సంగతి నాకేటి తెలుత్తాదమ్మా. ఆ కంప్యూటరు పాడవనేదు కదా?"

"నేదమ్మా, బాగానే ఉంది. పొద్దున అరిసినాను, తప్పైపోనాది."

"నిజమేనేటి? బాగుందా?"

"ఊఁ."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలి లేచింది. వంటింట్లోకి వెళ్లి, పొద్దున వండి మూతపెట్టి, అప్పటిదాకా ముట్టని అన్నం కంచంలో పెట్టుకుంది.