మాస్టారు సరేనన్న రోజు

ఈత కొలను దగ్గర మాస్టారంటే ఆయనొక్కరే. మెడలో విజిల్, భుజాన తడి తువ్వాలు, నోట్లో "అది కాదు". ఈ మూడూ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. కూర బాగుందంటే నిన్నటిదే నయమనేవారు. భార్య కూడా ఏమీ తక్కువ తినలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చిన పాపాన పోలేదు. ఆ ఇంట్లో వాదనే కబుర్లు, వాదనే మురిపెం.

అంత దుడుకు మనిషికి గుండె మాత్రం మహా నెమ్మది. ఏళ్ల తరబడి ఈదీ ఈదీ నిమిషానికి నలభై సార్లు కొట్టుకుంటే గొప్ప. ఓసారి మోకాలు చూపించుకోవడానికి వెళ్తే, ఆ అంకె చూసి నర్సు బెదిరిపోయి ఎమర్జెన్సీకి తోలింది. అక్కడి డాక్టరమ్మ ఒకప్పుడు ఆయన దగ్గర ఈత నేర్చుకున్న పిల్లే. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది, బీపీ బాగుంది. ఈలోగా మాస్టారు మంచం ఎత్తు సరిగా లేదని తగాదా పెట్టుకున్నారు. ఆమె నవ్వేసి ఇంటికి పంపింది. పంపేముందు, మనిషి తేడాగా మాట్లాడినా, చల్లటి చెమటలు పట్టినా తక్షణం తీసుకురమ్మని భార్యకు గట్టిగా చెప్పింది.

మరుసటేడు ఒక ఉదయం మాస్టారు కొలనుకు బయల్దేరబోయి కుర్చీలో కూలబడ్డారు. ఆ ఆకుపచ్చ చొక్కా మీకు నప్పలేదు, మార్చుకోండంది భార్య. ఆయన "సరే" అన్నారు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకైనా మంచిదని, మీకన్నా మీ తమ్ముడే బాగా ఈదుతాడని కూడా అని చూసింది. దానికీ సరేనన్నారు. ఆమె వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో తెర మీద మళ్లీ దాదాపు అదే అంకె. పాత కాగితాలు తిరగేసిన నర్సు, ఈయనకు ఎప్పుడూ ఇంతేనటగా అంది.

"అమ్మా, ఈయన నా మాటకి రెండుసార్లు సరేనన్నారు," అంది భార్య డాక్టరమ్మతో. "పెళ్లయ్యాక ఇదే మొదలు."

డాక్టరమ్మ నవ్వలేదు. చెయ్యి పట్టి చూస్తే చల్లగా, చెమటతో తడిగా ఉంది. బీపీ పడిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చినా గుండె వేగం అందుకోలేదు. ఇక ఆగకుండా ఛాతీకీ వీపుకూ ప్యాడ్లు అంటించి, బయటినుంచే కరెంటుతో గుండెను కొట్టించే యంత్రం పెట్టించింది. నొప్పి తెలియకుండా మందిచ్చినా, ప్రతి దెబ్బకూ మాస్టారి ఒళ్లు అదురుతూనే ఉంది. భార్య ఆయన భుజాన ఉండే తడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎదురుచెప్పే మనిషి లేని ఇల్లు తలుచుకుంటేనే ఆమెకు భయం వేసింది.

కాసేపటికి మాస్టారి మొహంలోకి రంగొచ్చింది. మెల్లగా కళ్లు తెరిచారు. గండం గడిచిందనీ, ఇక లోపలే పేస్‌మేకర్ అమర్చుతామనీ డాక్టరమ్మ చెప్పింది. భార్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ ఆకుపచ్చ చొక్కా మార్చుకోండంటే విన్నారా?"

"అది కాదు," అన్నారు మాస్టారు నీరసంగా. "అది నీలం."

ఆమె భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే, ఆకుపచ్చేనని గట్టిగా చెప్పింది.