మంచం కోడు బిళ్లలు

నా చిన్నప్పుడు ఆ కబురు మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. "ఏయ్ పిల్లా, మీ నాయనమ్మను రేపు దవాఖాన నుంచి పంపిస్తున్నరట!" అని గోడ మీంచి అరిచింది. నేను గంతులేశాను. మా తాతయ్య మాత్రం దేవుడి పటం వైపు తిరిగి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

పక్షవాతం నాయనమ్మను వదిలిపెట్టింది గానీ కుడిచేతిలో వణుకు మిగిల్చింది. చాయ్ గ్లాసు స్టూలు మీద పెట్టబోతే ఒరిగి ఒలికిపోయేది. మా అమ్మ తాగించబోతే, "నేనేమన్న చంటిపిల్లనా?" అని మొహం తిప్పుకునేది. చివరికి చాయే వద్దంది. చాయ్ లేకుండా పొద్దు గడవని మనిషి ఆమె. ఇక ఆ చెయ్యి ఒడిలోంచి తీయడమే మానేస్తుందేమోనని తాతయ్యకు దిగులు పట్టుకుంది.

అటక మీద ఆమె పాత మంచం కోడు ఒకటి విరిగి పడి ఉండేది. తాతయ్య దాన్ని దించి, రంపంతో అడ్డంగా బిళ్లలు కోశాడు. గ్లాసు అడుగు కదలకుండా కూర్చునేలా వాటి నడుమ గుంట తొలవాలి. నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మనిషి, అదే ఓపికతో ఉలి పట్టించాడు. "జర పైలం బిడ్డా, వేళ్లు నీవే, కిరాయివి గావు" అని నవ్వాడు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలా తోస్తాయి. కిటికీలోంచి పడే ఎండలో చెక్కపొడి మెల్లగా తేలేది. దూరాన చర్చి గంట మోగితే ఆ మోత కూడా పొడితో పాటు నా జుట్టు మీద వాలినట్టుండేది. నా పని మాత్రం అంత అందంగా లేదు. మొదటి గుంట లోతుగానే వచ్చింది. అరచెయ్యి బొబ్బలెక్కేకొద్దీ తక్కినవి లోతు తగ్గుతూ పోయాయి. ఆఖరిదాని మీద ఉలి గీతలు తప్ప ఏమీ లేవు. ఏడుపొచ్చి వాటిని పొయ్యిలో పడేయబోయాను. తాతయ్య ఆపి, అన్నిటినీ కండువాలో మూటగట్టుకున్నాడు. "ఉండనియ్యి. అన్నిటితోని పనుంది" అన్నాడు, అంతే.

లోతైన బిళ్లలో పెడితే గ్లాసు ఒరగలేదు. నాయనమ్మ తనంతట తాను చాయ్ తాగింది. కొన్నాళ్లకు, ఆమె కునుకు తీస్తుండగా తాతయ్య ఆ బిళ్ల తీసి కొంచెం లోతు తక్కువది పెట్టి, నాకు కన్నుగీటాడు. అట్లా ఒకటొకటీ మారుతూ ఉంటే ఆమె గమనించనే లేదు, గ్లాసూ ఒలకలేదు. వానలు వెళ్లి చలి మొదలైన ఒక ఉదయం, గ్లాసు ఎత్తి, బిళ్లను వేలితో తడిమింది. గుంట లేదు. తన చేతి వైపు చూసుకుంది. తర్వాత తాతయ్య వైపు చూసింది.

"ఏమయ్యా, నన్ను గింతగనం మోసం జేస్తవా?"

"నేనేడ జేసిన? బిళ్లలు పిల్ల జేసింది, చాయ్ తాగింది నువ్వు. నడుమ నాదేమున్నది?"

గుంట పడని ఆ బిళ్ల మీదే ఇప్పుడు నా దీపపు కుంది నిలబడి ఉంది. నా మనవరాలు వంకరగా కుట్టిన సంచీలోనే నేను రోజూ పూలు తెచ్చుకుంటాను. చేతకాని చేతిపనికి కూడా ఒక చోటు దాచి ఉంచిన దేవుడికి దండం పెట్టుకుంటాను. మీరెప్పుడైనా చాయ్ గ్లాసు ఒలక్కుండా కింద పెట్టినప్పుడు, మా తాతయ్యను ఒక్కసారి తలుచుకోండి.