మనవరాలి వేలు, నా నోరు

మా మనవరాలికి ఏడో ఏడు నడుస్తున్నా బొటనవేలు చీకడం మానలేదు. పాలపళ్లు ఊడి ముందు పళ్లు కొత్తగా దిగుతున్నాయి, కానీ పై వరస కింది వరసను అందుకోవడం లేదు. దవడ పళ్లు గట్టిగా మూసుకున్నా ముందర సందు మిగిలేది. అందులోంచి నాలుక తొంగి చూసేది. బడిలో పిల్లలు ఏమన్నారో ఏమో, నవ్వేటప్పుడు చేత్తో నోరు మూసుకోవడం నేర్చింది. కదిరిలో పళ్ల డాక్టరుకు చూపిద్దామంది కోడలు.

నాకు కోపం వచ్చింది. నేను ఐదో తరగతితో బడి మానేసిన మాట నిజమే గానీ, ఆ తర్వాత మా ఊరి లైబ్రరీలో పుస్తకమన్నది మిగల్చకుండా చదివినవాణ్ణి. వాటిలో అట్టలు చిరిగిన వైద్యం పుస్తకాలూ ఉన్నాయి. పసిపిల్ల పళ్లకు డాక్టరేమిటని, వేపాకు నూరి దాని వేలికి పట్టించాను. మొదటి రోజు ఏడ్చింది. మర్నాడు రెండో చేతి వేలు పెట్టుకుంది. దానికీ పూశాను. కొన్నాళ్లకు ఆ చేదు ఎంత అలవాటైందంటే, "తాతా, ఈ పొద్దు ఆకు నూరలేదా?" అని అదే వచ్చి అడిగింది.

చివరికి కదిరికి పోక తప్పలేదు. డాక్టరమ్మది చిన్న వయసు. పాప నోరు చూసింది, వేపాకు సంగతి వింది.

"పూసేది మానేయండి పెద్దాయనా. తిట్టొద్దు, వేలు లాగొద్దు. పెద్దపళ్లు ఇప్పుడే వస్తాండాయి. ఈ వయసులో అలవాటు పోతే చానామటుకు పళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఆలస్యమైతే దవడ అట్లే పెరుగుతుంది, అప్పుడు తీగలు కట్టాల్సొస్తుంది."

"మా కాలంలో యాడ కట్టినారమ్మా తీగలు? మా పళ్లు బాగలేవా?" అన్నాను.

"మీవి కట్టుడు పళ్లు కదా" అంది.

కోడలు గోడ మీద పటాన్ని చాలా శ్రద్ధగా చూడసాగింది.

ఏ వేళప్పుడు వేలు నోట్లోకి పోతున్నదో ఊరికే గమనించమనీ, ఆ వేళ జరిగేదాన్ని మార్చి చూడమనీ చెప్పి పంపించింది డాక్టరమ్మ. గమనించే పని నేనే తీసుకున్నాను. కోడలు డిగ్రీ చదివినా, ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనేనని నా నమ్మకం. మొదట టీవీని అనుమానించి ఆపించాను. తర్వాత ఆకలి అన్నాను, పిల్లకు పొద్దస్తమానం శెనక్కాయలు పెట్టాను. తర్వాత కోడలి ఫోను మీద పడ్డాను. ప్రతి అనుమానం మీదా ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చాను. పాప నా పక్కనే కూర్చుని, వేలు నోట్లో పెట్టుకుని, అన్నీ వింది.

ఒక పొద్దున అరుగు మీద పేపరు చదువుతున్నాను, పాప అరుగు చివర ఆడుకుంటున్నది. నాది పైకి చదివే అలవాటు. చదివేది తక్కువ, పేపరుతో కొట్లాడేది ఎక్కువ. చెరువులకు కాలువ నీళ్లు వదులుతామని ఎవరో అన్నారట. ఆ మాట ఇదివరకు ఏ నాయకుడు ఏ మీటింగులో అన్నాడో, అప్పుడు అతని మెడలో ఏ రంగు కండువా ఉందో అంతా నాకు గుర్తే. ఒక్కొక్కరినీ వరసగా దులుపుతుంటే గొంతు లేచింది. లోపలి నుంచి నా భార్య వచ్చి నిలబడింది.

"నాయకుల్ని ఇడిసిపెట్టి పాప చెయ్యి చూడప్పా."

చూశాను. వేలు నోట్లో ఉంది. నేను ఆగిపోయాను. కొంతసేపటికి వేలు బయటికొచ్చింది.

"దానికీ నాకూ ఏం సంబంధం? ఏం మాట్లాడతాండావు నువ్వు?" అని ఆమె మీద అరిచాను. వేలు లోపలికి పోయింది.

"ఇంగా చెప్పాల్నా?" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాపను దగ్గరికి పిలిచి, నేనంటే భయమా అని అడిగాను.

"నువ్వంటే భయం లేదు తాతా. నువ్వు అరిస్తే గుండె దడదడ అంటాది. వేలు పెట్టుకుంటే తగ్గుతాది."

దాని పళ్లు దిగాలంటే మూయవలసింది నా నోరని తేలింది. ఏ పంటా చేతికి రాని ఏళ్లలో కూడా నాకు కోపం మాత్రం పుష్కలంగా పండేది. దాన్ని ఇప్పుడు ఎక్కడ దించుకోవాలి? పేపరు చేను గట్టు మీదికి తీసుకుపోయి చదవడం మొదలుపెట్టాను. అక్కడ గొర్రెలు మేపుకునేవాడు వచ్చి అడిగాడు.

"ఎవురి మీద అరుస్తాండావన్నా? గొర్రెలు బెదరతాండాయి."

గొర్రెలకు కూడా పనికిరాకపోయాక ఇంటికొచ్చి, పెదాలు బిగించి, మనసులో చదువుకోవడం నేర్చుకున్నాను. మింగిన కోపానికి మందేమిటో వైద్యం పుస్తకాల్లో వెతికాను. ఎవరూ రాయలేదు.

కొన్ని నెలలకు మళ్లీ కదిరికి పోయాము. డాక్టరమ్మ లైటు వేసి పాప నోట్లోకి చూసింది.

"పళ్లు దిగుతాండాయి. సందు బాగా తగ్గింది. ఏం చేసినారు?"

"మా మామ అరిచేది తగ్గించినాడు" అంది కోడలు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇంకొన్నాళ్లు ఇట్లే ఉండండి పెద్దాయనా."

"ఎన్నాళ్లమ్మా? ఎలక్షన్లు వస్తాండాయి. ఆ లోపల దిగిపోతాయా?"

"పళ్లకు ఎలక్షన్లు తెలియవు కదా."

దానికి నా దగ్గర చాలా పెద్ద జవాబు ఉంది. పాప ఆ పెద్ద కుర్చీలో పడుకుని, కళ్లు మాత్రం తిప్పి నా ముఖం చూస్తున్నది.

"సరేలే" అన్నాను, మెల్లగా.