కోడలి మొటిమ, నా గోరు

“డాక్టర్ గిల్లొద్దన్నడు అత్తమ్మా!”

“ముప్పై ఐదేండ్లకు మొటిమలేంది, డాక్టరేంది? చీము పోతే అదే మానుతది. పూసుకునే మందుగొట్టాలు దండుగ!”

కోరుట్లలో మా వాకిట్ల బీడీలు చేసుకుంట కోడలు రజితతో నేను పెట్టుకున్న పంచాయితీ ఇది. బీడీ మూతి మలిచేటందుకు పెంచిన బొటనవేలి గోరుతో, తంబాకు అంటిన చెయ్యి కడగకుండనే, ఆమె చెంప మీది పెద్ద మొటిమను పిసికిన. చీము చిమ్మి నా పెదవి మీద పడ్డది. ఆ వాసనకు చాటలోని తునికాకుల మీదనే కక్కిన. రజిత చెంప పట్టుకొని ఏడ్చింది.

యాదికొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు. చీము కంటే నా చేతి మురికే ఎక్కువ రోత.

తెల్లారి ఆమె చెంప ఉబ్బి, కన్ను మూసుకపోయింది. కరీంనగర్ తీసుకపోయిన. “ఎవరు గిల్లిండ్రు?” అని డాక్టర్ రజితను అడిగిండు.

“నేనే” అన్న.