ఉగాది వంటకు పారసీక చక్రవర్తి

పారసీక చక్రవర్తి డేరియస్‌తో హరిదాసుకు పరిచయం ఓడల మరమ్మతు యార్డులో అయింది. చక్రవర్తి పోయి రెండువేల అయిదువందల ఏళ్లు దాటిందన్న సంగతి ఆ పరిచయానికి అడ్డు రాలేదు. ఇరాను ఓడ ఒకటి బాగుకొచ్చి నెలల తరబడి జురాంగ్ రేవులో నిలిచిపోతే, అందులోని ఇంజనీరు మధ్యాహ్నం అన్నాల దగ్గర వెల్డరు హరిదాసుకు తమ రాజుల కథలు చెప్పేవాడు. ఈయనకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం. ఆయనకు వచ్చింది ఇంకాస్త తక్కువ. అయినా కథ బూన్ లేలో హరిదాసు ఇంటి దాకా చేరింది. దారిలో కొంత పెరిగి కూడా ఉంటుంది.

ఆ కథను శాంతిని పెళ్లయిన కొత్తలో భక్తిగా వింది. పిల్లలు పుట్టాక కూర తరుగుతూ వింది. ఆ తరువాత వినకుండానే ఊఁ కొట్టడం నేర్చుకుంది.

కిందటేడు హరిదాసు అన్న దశరథరామయ్య టోవా పాయోలో తన ఇంట్లో పోయాడు. పేరాక్ రబ్బరు తోటల్లో పుట్టి, పని కోసం ఈ దీవికి దిగివచ్చిన తెలుగు కుటుంబాలకు ఏటా ఉగాది భోజనం ఆయన చేతి మీదుగానే జరిగేది. అన్న పోయిన దగ్గర్నుంచి హరిదాసు మాట మానేశాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కింద వచ్చేపోయే బస్సులు చూసేవాడు. డేరియస్ పేరు కూడా ఎత్తలేదు. ఆ రాజు పీడ ఎప్పుడు వదులుతుందా అని ఎన్నోసార్లు విసుక్కున్న శాంతినికి, ఇప్పుడు అతగాడు లేక ఇల్లు బావురుమంటున్నట్టనిపించింది.

ఉగాది దగ్గరపడుతుండగా ఒకరోజు కింద కాఫీ షాపు నుంచి హరిదాసు గబగబా వచ్చాడు. మొహంలో వెలుగుంది.

"శాంతినీ, అన్నయ్య గరిటె ఎవరు పట్టాలో తేలట్లేదు. భద్రయ్య తనకే కావాలంటన్నాడు."

"ఇచ్చెయ్యండి, పోనీ."

"భద్రయ్యకా? పులిహోరలో పంచదార ఏసే మనిషికా!"

ఆమె స్టవ్వు తగ్గించింది. చాలా నెలల తరువాత ఈయనకు ఒకటి కావాలనిపించింది. అది గనక భద్రయ్యకు పోతే, ఈయన మళ్లీ ఆ కిటికీ దగ్గరికే పోతాడు. వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీ రాజు ఏం జేశాడేటి ఇలాంటప్పుడు?"

అంతే, ఆనకట్ట తెగింది. వెనకటి రాజు ఈజిప్టు మీదికి దండెత్తి పోయాడట. వెనకాల ఎవడో తాను రాజు తమ్ముణ్ణని చెప్పి సింహాసనం ఎక్కాడట. అసలు తమ్ముణ్ణి రాజే ముందుగా గుట్టుగా చంపించాడట. ఆ రాజూ తిరుగుదారిలో చచ్చిపోయాడట. డేరియస్‌తో సహా ఏడుగురు దొరలు కలిసి ఆ దొంగను నరికేశారు.

"వాడు దొంగేనని ఎవరు చెప్పారు?"

"డేరియస్ చెప్పాడు. కొండ మీద చెక్కించాడు కూడాను."

"గెలిచినాయనే చెప్పాడన్నమాట. సరే, కానివ్వండి."

హరిదాసు ఆ మాట విననట్టు నటించాడు. ఆపైన రాజెవరన్న పేచీ వచ్చింది. పొద్దు పొడిచేవేళ గుర్రాలెక్కి ఊరి బయటికి పోదాం, ఎవరి గుర్రం ముందు సకిలిస్తే వారే రాజు అనుకున్నారు. డేరియస్ దగ్గర గుర్రాలు చూసుకునే మనిషొకడున్నాడు, గట్టివాడు. ఆ గుర్రం మనసుపడ్డ ఆడగుర్రాన్ని ముందురాత్రే ఆ దారిలో కట్టి ఉంచాడు. అక్కడికి రాగానే గుర్రం సకిలించింది, డేరియస్ రాజయ్యాడు.

"సకిలింపు వరకే కింద కాఫీ షాపులో వాళ్లకి చెప్పాను," అన్నాడు హరిదాసు గొంతు తగ్గించి. "ఆదివారం పొద్దున్న అందరం ఫోన్లు బల్ల మీద పెడతాం. ఎవరిది ముందు మోగితే గరిటె వాళ్లది. నేను టోపీ తీయగానే నువ్వు..."

"అంటే నేను గుర్రాన్నా?"

"గుర్రం ఫోను. నువ్వు గుర్రాలు చూసుకునేదానివి."

"ఇన్నేళ్ల కాపురానికి మంచి ఉద్యోగమే ఇప్పించారు."

ఆదివారం శాంతిని ఫోను పట్టుకుని, తమ అంతస్తు వరండా గోడ మీదికి వంగి నిలబడింది. కింద పెద్దమనుషులంతా కాఫీ గ్లాసులు జరిపి, ఫోన్లను బల్ల మధ్య పేర్చి, గుడ్లప్పగించి చూస్తున్నారు. భద్రయ్య కూతురు ఆదివారాల్లో కౌలాలంపూర్ నుంచి ఫోను చేస్తుంది. ఆ పిల్ల ఈపూట కాస్త ఆలస్యంగా లేస్తే బాగుండునని శాంతిని దండం పెట్టుకుంది. టోపీ లేచింది. ఆమె ఫోను నొక్కింది. కింద హరిదాసు రెండు చేతులూ ఎత్తి లేవడం కనిపించింది.

రాజయ్యాక మనిషి ఊరుకుంటాడా! డేరియస్ రాజ్యాన్ని ఇరవై ముక్కలు చేసి, ముక్కకొక అధికారిని పెట్టాడు. హరిదాసు చింతపండుకొకరిని, వేపపూతకొకరిని, అప్పడాలకు ఇద్దరిని పెట్టాడు. డేరియస్ పెద్ద రహదారి మీద మజిలీ మజిలీకీ గుర్రాలు మార్చి కబుర్లు నడిపించాడు. హరిదాసు టోవా పాయో కరివేపాకును జురాంగ్ వెస్ట్ దాకా రైలు స్టేషన్లలో చేతులు మార్పించి తెప్పించాడు. ఒక్క మనిషే రైల్లో కూర్చుని తెస్తే ఇంకా ముందే వచ్చేది. అధికారుల మీద నిఘాకు రాజుగారి కళ్లూ చెవులూ ఉండేవట. ఇక్కడ ఆ కొలువు కూడా శాంతినికే దక్కింది.

"అప్పడాలాయన ఏమంటన్నాడే?"

"రాజుకి పిచ్చి పట్టిందంటన్నాడు."

"తిరుగుబాటు! డేరియస్‌కి కూడా మొదటేడు అంతటా తిరుగుబాట్లే," అన్నాడు సంబరంగా. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఉగాదినాడు హాలు నిండింది. పచ్చడి పంచారు, మొదటి బంతి లేచింది. అందరూ వంట బాగుందంటుంటే భద్రయ్య చేయి కడుక్కుని హాలు మధ్యకు వచ్చాడు.

"బావా, ఓ మాట. ఆ కథలో గుర్రాలవాడొకడున్నాడంట గదా. మా అల్లుడు ఎతికి సెప్పాడు. నువ్వు వాడి ఊసే ఎత్తలేదేటి?"

శాంతిని చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. హరిదాసు మొహంలోని వెలుగు అందరి ముందూ తగ్గిపోవడం ఆమెకు కనిపించింది. గరిటె పోతే పోయింది, ఇక ఈయన ఎవరి మొహమూ చూడడు, ఆ కిటికీ దగ్గర్నుంచి లేవడు అనుకుంది.

హరిదాసు గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నాడు. డేరియస్ గుర్రపురౌతు బొమ్మ చెక్కించి, నా గుర్రం వల్లా, నా గుర్రాలవాడి వల్లా ఈ రాజ్యం వచ్చిందని వాడి పేరు కూడా రాయించాడట. నా దగ్గర రాయి లేదు. నోటితో చెప్తన్నాను. ఫోను చేసింది మా శాంతిని."

ముందుగా భద్రయ్యే నవ్వాడు.

"కొత్త సంగతి సెప్పినట్టు సెప్తన్నావేటి! నీ ఫోన్లో అచ్చరాలు ఇంతింత లావు. శాంతిని అని ఎలిగింది. కళ్లజోడు లేని నాక్కూడా కనబడింది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"పెద్దాయన పోయాక నువ్వు నలుగురిలోకి రావడం అదే మొదలు. మళ్లీ ఆ కిటికీ కాడికి పంపీడానికి మాకు మనసొప్పలేదురా."

హరిదాసు కండువాతో మొహమంతా తుడుచుకుని, ఎటు చూడాలో తెలియక గోడ మీది ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు. ఇంకొంచెంసేపు అలా వదిలేస్తే హాలంతా ఏడుస్తుందని శాంతినికి అర్థమైంది.

"చక్రవర్తి గారూ!" అని వంటశాల గుమ్మంలోంచి కేకేసింది. "పాయసం అడుగంటుతోంది!"

చక్రవర్తి పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు.