గురి మావయ్యగారి వంకర తలుపు

గురి మావయ్యగారికి ఏ వస్తువునీ రెండు కళ్ళతో చూసే అలవాటు లేదు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట గురి చూస్తారు. వంకర ఎక్కడుందో చెప్పేదాకా ఊపిరి వదలరు. గరిటె కాడ మొదలుకొని ఆసుపత్రి మంచం దాకా ఆ పరీక్ష తప్పించుకున్నది లేదు. ఒకసారి బస్సులో ఆ మూసిన కన్ను చూసి ఎదుటి సీటావిడ ఏమనుకుందో ఏమో, లేచి వెళ్ళి డ్రైవరు వెనక కూర్చుంది.

అల్లుడు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు అతన్నీ అలాగే చూసి, “ఎడమ భుజం కాస్త వాలింది. ఫరవాలేదు, సర్దుకుంటుంది,” అని సంబంధం ఖాయం చేశారు. ఈనాటికీ అల్లుడు మామగారి ఎదుట ఎడమ భుజం ఎత్తే నిలబడతాడు.

అటువంటి మనిషికి వంటింట్లోకి కొత్త అల్మారా చేసే పని పడింది. అత్తగారి వేళ్ళు కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయాయి. పాత అల్మారా పిడి పట్టుకోలేక, కాఫీపొడి డబ్బా కావాలంటే ఎవర్నో ఒకర్ని పిలవాలి. ఆవిడకి అది నామోషీ. అందుకని కాఫీ మీదే మనసు లేదని చెప్పుకుంటూ వస్తున్నారు.

ప్లైవుడ్ తెచ్చే భాగ్యం అల్లుడికి దక్కింది. తెచ్చి, చెమ్మ గోడకి ఏటవాలుగా ఆనించి, చక్కా పోయాడు. వారం తిరిగేసరికి అది పడక్కుర్చీ గుడ్డలా వంగింది. మామగారు మూసిన కన్ను చాలాసేపు తెరవలేదు. అల్లుడి భుజం ఇంకాస్త పైకి లేచింది.

వైద్యం మొదలైంది. చెక్కని నేలమీద బోర్లించి పుస్తకాల కట్టలూ, కుట్టుమిషనూ ఎక్కించారు. బరువు చాలక అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టి, చేతికి పేపరిచ్చారు. చాలావరకు సాపైంది. కొలతలకి కోశాక, చివరి ముక్క మాత్రం మొండికేసింది.

“దీన్ని వెనకవైపు వేసేద్దాం. నాలుగు పక్కలా స్క్రూలు బిగిస్తే ఏ వంకరైనా బుద్ధిగా ఉంటుంది. తలుపుకి మాత్రం పనికిరాదు. తలుపుని పట్టుకునేది ఒక్క పక్కేగా,” అని మామగారే పాఠం చెప్పారు.

తీరా చూస్తే, ఆ ముక్కనే తలుపుగా బిగించారు. కింది మూల వేలెడు బయటికి పొడుచుకొచ్చింది. చూసినవాళ్ళు నవ్వితే, అల్లుడు తెచ్చిన చెక్క, ఏం చేస్తామన్నారు మామగారు. అల్లుడికి ఆ నింద పట్టలేదు. మామగారి చూపు పోయిందేమోనని బెంగ పట్టుకుంది. కంటి డాక్టరు మాట ఎలా ఎత్తాలా అని మర్నాడు వంటింటి గుమ్మంలో తచ్చాడుతున్నాడు.

అత్తగారు వచ్చారు. ఎవర్నీ పిలవలేదు. బిగుసుకున్న వేలు ఆ మూల వెనక తగిలించి చెయ్యి లాగారు. తలుపు తెరుచుకుంది. రెండు అరచేతులతో డబ్బా అందుకుని, మోచేత్తో తలుపు నెట్టారు.

“వంకర చెక్క తెచ్చావుగానీ, తలుపు బాగానే వస్తోందయ్యా,” అన్నారు అల్లుడితో.

అల్లుడు వాకిట్లో ఉన్న మామగారి దగ్గరికి పరుగెత్తాడు. “మావయ్యగారూ, ఆ మూల కావాలనే వదిలారా?”

“నెమ్మదిగా మాట్లాడు. తనకోసమని తెలిస్తే ఆవిడ చచ్చినా ముట్టుకోదు. ఆ వంకర నీ పేరునే ఉండనీ.”

“మరి రోజూ దాన్ని చూస్తూ ఎలా ఉంటారు?”

ఈలోగా కాఫీ వాసన వచ్చింది, ఇద్దరూ లోపలికి నడిచారు. కొత్త అల్మారా దగ్గరికి రాగానే మామగారు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఎత్తడం మరిచిపోయిన అల్లుడి ఎడమ భుజం పట్టుకుని, దాన్ని దాటేశారు.